ఆగే ముందు తియ్యాల్సిన లాకు

మా ఆయన ఎడమ మోకాలు వంగదు. పత్తి బోరాల లోడు మీద నిలబడి తాడు బిగిస్తుంటే తాడు తెగి వెనక్కి పడ్డాడు. తొడలో రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు బిగుసుకుపోయింది. నడవగలడు, కాలిని కర్రలా పక్కకు విసురుతూ నడుస్తాడు. కూర్చుంటే మాత్రం ఆ కాలు చాచుకునే కూర్చోవాలి. ముప్ఫై ఏళ్లు లారీ తోలిన మనిషి. లారీలో ఎడమకాలికి ఉండే పని ఒక్కటే, క్లచ్ తొక్కడం. ఆ ఒక్క పనీ పోయింది.

ఏడాదిన్నర పాటు ఇంటి ముందు రేకుల పంచలో మంచం వేసుకుని ఉండిపోయాడు. మా ఊరు అద్దంకికి దగ్గర, ఇల్లు రోడ్డు వారనే. పోయే లారీ శబ్దం వింటూ, "మూడు వేశాడు. ఇప్పుడు నాలుగు పడాలి. ఏడిశాడు, ఇంకా వెయ్యడే!" అని తనలో తను తిట్టుకునేవాడు. గేరు మారే చప్పుడు వినపడినప్పుడల్లా దుప్పటి కింద ఆయన ఎడమ తొడ ఒక్కసారి అదిరేది. నేను చూసీ చూడనట్టు చాట పట్టుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా మనవరాలు పలక పట్టిన ఏడే నేనూ పట్టాను. మిరపకోతలు లేని ఎండాకాలం మధ్యాహ్నాలు మా చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్లని కూర్చోబెట్టి నేర్పేవారు. బైబిలు చదువుకోవాలని అందరూ వచ్చారు. నా కోరికా అదే. కానీ అక్షరం పక్కన అక్షరం పెట్టుకుని మాట పలకడం వచ్చాక నేను మొదట చదివింది బైబిలు కాదు, ఎరువుల బస్తా. ఆ తర్వాత గోడల మీద సిమెంటు ప్రకటనలు, బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు. కంటికి ఏది ఆనితే అది చదవడమే. ఇన్నాళ్లూ అవన్నీ నన్ను పక్కన పెట్టి వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నట్టు ఉండేవి. ఇప్పుడు నాతో మాట్లాడుతున్నాయి.

మా ఆయన నవ్వేవాడు. "అది నట్టల మందు కాగితమే. మనకి మేకలు కూడా లేవు. ఎందుకంత కష్టపడి చదవతావు?"

"రేపు కొనుక్కుంటే పనికొచ్చిద్దిలే మావా," అనేదాన్ని.

సరిగ్గా అప్పుడే ఆ బండి వచ్చింది. మా ఊళ్లో మిర్చి కొని గుంటూరు యార్డుకి తోలే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. వాళ్ల నాన్న రోజుల నుంచీ మా ఆయన ఆ ఇంటి లారీలే తోలాడు. మేం ఓనరుగారనే పిలుస్తాం. తుళ్లూరు వైపు రాజధాని పనులు ఆగిపోయి, అక్కడి మిషన్లు తుమ్మచెట్ల మధ్య నిలబడిపోయిన కాలం అది. ఓనరుగారు వేలంలో చవగ్గా ఒక టిప్పరు కొన్నాడు. దాని తొట్టి పీకించి, మామూలు లారీకి ఉన్నట్టు చెక్క బాడీ కట్టించాడు. బండి మొత్తం బాగానే ఉంది. ఒకటే చిక్కు, దానికి క్లచ్ లేదు. గేరు కర్ర కూడా లేదు. డ్రైవరు పక్కన ఒక చిన్న పెట్టె, దాని మీద మీటలు. ముందుకు పోవడానికి ఒకటి, వెనక్కి ఒకటి, ఊరికే ఉండటానికి ఒకటి. మిగతా గేర్లన్నీ అదే వేసుకుంటుంది. ఊళ్లో ఏ డ్రైవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఓనరుగారు మా పంచలోకి వచ్చి నిలబడ్డాడు. "తోలతావా?"

"క్లచ్ లేకపోతే అది లారీ ఎట్టా అయిద్దండీ? ఆడపిల్లల స్కూటీ అయిద్ది గానీ," అన్నాడు మా ఆయన.

"స్కూటీ పది టన్నులు మోసిద్దా? నీకు కుడికాలు బాగానే ఉందిగా. వచ్చి కూర్చో ముందు."

మా ఆయన మర్నాడు పొద్దున్నే లేచి ఎవరూ చెప్పకుండానే గడ్డం గీసుకున్నాడు.

ఖాళీ బండి తోలినన్నాళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. లోడు వేసుకుని హైవే ఎక్కితే మాత్రం మార్టూరు దాటేసరికి ముందు అద్దం కింద ఎర్ర లైటు వెలిగేది. గేరు పెట్టెలో నూనె కాగిపోయేది. మాడిన వాసన వచ్చేది. బండి పక్కకు తీసి గంటసేపు చల్లారబెట్టాలి. ఈ రకం బండ్లు తెలిసిన మేస్త్రీ ఒకాయన గుంటూరు ఆటోనగర్‌లో ఉన్నాడంటే అక్కడికి తీసుకెళ్లాడు. ఆ రోజు కాలు డాక్టరుకి చూపించే పని కూడా ఉండటంతో నేనూ వెంట వెళ్లాను.

మేస్త్రీగారు సాయిబులాయన. గడ్డం తెల్లగా, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. బండి కింద దూరి, బయటికి వచ్చి, మాకు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. రెండు అరచేతులకీ గ్రీజు రాసుకుని ఒకదానికొకటి ఆనించి పట్టుకున్నాడు.

"ఇదిగో, ఈ చెయ్యి ఇంజిను. ఈ చెయ్యి గేరు పెట్టె. మామూలు బండిలో మధ్యన క్లచ్ ఉంటది. దీంట్లో నూనె ఉంటది. ఇంజిను తిరిగితే నూనెని తోసిద్ది. నూనె పోయి ఆ చేతిని తిప్పిద్ది. అందుకే క్లచ్ అక్కర్లేదు." ఒక చేతిని తిప్పాడు. రెండోది కాస్త వెనగ్గా, జారుతూ తిరిగింది. "చూశారా, జారతంది. జారితే వేడి. ఖాళీగా ఉన్నప్పుడు ఏం కాదు, పది టన్నులేసి గంటల కొద్దీ లాగితే మాడిద్ది."

తర్వాత రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించాడు. "రోడ్డు మీద ఒక వేగం అందుకున్నాక ఇట్టా పట్టుకోవాలి. దీన్ని లాకు అంటారు. అప్పుడు జారదు, వేడెక్కదు, నూనె మిగులుద్ది, డీజిలూ మిగులుద్ది. ఇది దానంతటదే పడాలి. దాని వైర్లు ఎలకలు కొరికేసినయ్. ఏళ్ల తరబడి చెట్లల్లో నిలబడింది గదా. లోపలున్న కంప్యూటరు డబ్బా కూడా పోయింది. కొత్తది ఎక్కడా దొరకట్లేదు. నేను నేరుగా ఒక వైరు లాగి స్విచ్చి పెడతా. ఇక కంప్యూటరు నువ్వే అన్నా."

మా ఆయన నవ్వాడు. మేస్త్రీగారు నవ్వలేదు.

"సరిగ్గా విను. పై గేరు పడ్డాక, బండి సమంగా పోతా ఉన్నప్పుడు, ఒక్కసారి యాక్సిలేటరు మీద కాలు తేలిక చేసి లాకు వెయ్యి. బండి ఆపే ముందు, వేగం తగ్గించే ముందు తియ్యి. తియ్యకుండా ఆపావనుకో," అని బిగించిన చేతుల్లో ఒకదాన్ని ఠక్కున ఆపాడు. రెండోది కూడా ఆగిపోయింది. "ఇంజిను కొట్టుకుని ఆగిపోద్ది. స్టీరింగు బండరాయి అయిద్ది."

స్విచ్చి పెట్టాడు. వేలెడంత నల్లటి పుల్ల. పైకి వేస్తే లాకు, కిందికి వేస్తే ఖాళీ. డ్రైవరు ఎడమచేతికి, పక్క సీట్లో కూర్చున్న మనిషి కుడిచేతికి సమానంగా అందే చోట బిగించాడు. పక్కన ఏదైనా రాసిపెట్టుకోమని తెల్ల ప్లాస్టరు ముక్క, పెన్ను ఇచ్చాడు.

"మా ఆవిడ రాసిద్ది. కొత్తగా చదువుకుంటంది," అన్నాడు మా ఆయన.

పేరు రాయడం కాకుండా, ఒకరికి పనికొచ్చేది నేను రాసింది అదే మొదటిసారి. ఒళ్లో అట్టముక్క పెట్టుకుని, చెమట చెయ్యి చీరకు తుడుచుకుంటూ 'ఆగే ముందు తియ్యి' అని రాశాను. అక్షరాలు పోనుపోను పెద్దవై చివర్న కిందికి జారాయి. మేస్త్రీగారు దాన్ని చదివి, "దస్తూరీ బాగుంది చెల్లెమ్మా," అని స్విచ్చి కింద అతికించాడు.

నూనె కాగడం ఆగిపోయింది. కానీ బండి ఆగిపోవడం మొదలైంది.

మొదటిసారి మేదరమెట్ల దగ్గర. రెండోసారి టోల్‌గేటులో, వెనక లారీలన్నీ హారన్లు కొడుతుంటే. మా ఆయనకి తెలియక కాదు. ముప్ఫై ఏళ్లు బండి ఆపే ముందు ఎడమకాలు తనంత తానే కిందికి పోయేది. ఆలోచించి తొక్కింది లేదు. ఇప్పుడు కూడా బ్రేకు మీద కుడికాలు వేయగానే ఆ బిగిసిన కాలు ఒకసారి అదిరేది. కాలు అదిరాక పని అయిపోయినట్టే ఆయనకి అనిపించేది. చేతికి ఆ సంగతి తెలియదు.

"నేను రాసిపెట్టాను గదా మావా, చూడవా?" అన్నాను.

"చూడకేం. రోజూ అక్కడే ఉంది గదా," అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. చిన్నప్పుడే చదువు వచ్చినవాళ్లు రోజూ కనిపించే మాటని చదవరు. అది వాళ్లకి గోడకున్న మరకలా అయిపోతుంది. నాలాంటి వాళ్లమే చూసిన ప్రతిసారీ మళ్లీ చదువుతాం.

మూడోసారి జరిగింది వేరు. మిరపకోతల కాలం. పొద్దున్నే కూలి ఆడవాళ్లని ఎక్కించుకుని ఆటోలు చేలకు పోతుంటాయి. డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక పది మంది. ఒక మలుపులో అలాంటి ఆటో అడ్డం వచ్చింది. మా ఆయన బ్రేకు వేశాడు, లాకు తియ్యలేదు. ఇంజిను చచ్చిపోయింది. స్టీరింగు తిరగలేదు. ఆటోకి జానెడు దూరంలో బండి ఆగింది. అందులో మా పేట ఆడవాళ్లే ఉన్నారు. నేను కూడా ఉండాల్సింది, ఆ రోజు వేరే చేనికి వెళ్లాను.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉన్నాడు. "ఇంక తోలనే. తాళాలు ఇచ్చేస్తా," అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయన మళ్లీ ఆ మంచం మీదికి పోతాడని నాకు తెలుసు. ఈసారి గడ్డం గీసుకోడు. దుప్పటి కింద ఆ తొడ అదురుతూనే ఉంటుంది.

"రేపు నేనొస్తా," అన్నాను.

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"నీ కాలు చేసే పని చేస్తా."

కూలి మానుకుని వెళ్లాను. ఆ బండికి క్లీనరు లేడు, పక్క సీటు ఖాళీయే. రెండు రోజుల్లో నాకు వినికిడి పట్టుబడింది. లాకు పడితే ఇంజిను గొంతు ఒక మెట్టు దిగేది, పిండిమరలో బెల్టు పట్టుకున్నప్పుడు వచ్చే మార్పులా. ఇంజిను వేగం చూపే ముల్లు కొంచెం కిందికి వాలి నిలబడేది. సీటు కింద గుండా ఒక నిదానం వచ్చేది. తియ్యాల్సిన సమయం మాత్రం నేను చెవితో కాదు, కళ్లతో పట్టుకున్నాను. రోడ్డు పక్కన ప్రతి బోర్డూ చదివేదాన్ని. 'నెమ్మదిగా వెళ్లండి.' 'ముందు గ్రామం కలదు.' 'పాఠశాల.' నట్టల మందు కాగితం చదివిన కళ్లకి అవి తేలిక. బోర్డు కనపడగానే చెయ్యి స్విచ్చి మీదికి పోయేది. ఆయన కుడికాలు బ్రేకు మీదికి పోయేసరికి లాకు తీసి ఉండేది. మొదట్లో "తీశా మావా" అని చెప్పేదాన్ని. తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. కాలు అదిరేది, నా చెయ్యి దిగేది, బండి ఆగేది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తోలుతుంటే పక్కన కూర్చున్నది అప్పుడే. ఆయన ఈల వేస్తాడని నాకు తెలియదు. చిలకలూరిపేట దాటాక ఒక చోట టీ చాలా బాగుంటుందని, అక్కడ ఆగకపోతే తనకి దారి సాగదని తెలియదు. ఎర్రగా ఆరబోసిన కల్లాలు రెండు పక్కలా పోతుంటే, ఏ చేలో ఏ రకం కాయో నేను ఆయనకి చెప్పేదాన్ని. పక్కన పోయే ప్రతి లారీ గేర్ల సంగతి ఆయన నాకు చెప్పేవాడు. ఇద్దరం ఎవరికి తెలిసింది వాళ్లు వాగుతూ పోయేవాళ్లం.

యార్డులో మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా?

"ఏం బావా, ఇంటిదాన్ని క్లీనరుగా పెట్టుకున్నావా?" అని ఒకాయన అరిచాడు.

"క్లీనర్ని కాదన్నా, క్లచ్చిని," అన్నాను నేను.

వాళ్లంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు ఊరి దాకా వచ్చింది. దాంతోపాటు ఆటో సంగతి కూడా ఓనరుగారి చెవిన పడింది. స్విచ్చి వేసేదీ తీసేదీ నేనని మాత్రం ఆయనకి తెలియదు.

ఆయన మళ్లీ మా పంచలోకి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు కూడా. "బండి ఆటోలో ఆడాళ్ల మీదికి పోయిందంట గదా. నాకు చెప్పావా? రేపు నీ పక్కన నేను కూర్చుంటా. ఒక్కసారి ఇంజిను ఆగిందా, తాళాలు అక్కడే ఇచ్చెయ్. నీ మీద కోపం కాదు. ఆ ఆటోలో ఎవరికన్నా ఏదన్నా అయితే నేను ఎవరికి ముఖం చూపించాలి?"

ఆయన అన్నది న్యాయమే. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సగం బండి భార్య తోలుతోందని మా ఆయన ఎలా చెప్పుకుంటాడు? నేను ఎలా చెప్పనిస్తాను? గుంటూరులో మందులు తెచ్చుకోవాలి, నేనూ వస్తానని మాత్రం అన్నాను. సరే వెనక బల్ల మీద కూర్చో అన్నాడు ఓనరుగారు. సీట్ల వెనక డ్రైవర్లు నడుం వాల్చే బల్ల అది. అక్కడి నుంచి స్విచ్చి నాకు అందదు.

సాయంత్రం ఇద్దరం కూర్చుని ఉపాయం ఆలోచించాం. నేను ఒకసారి దగ్గితే లాకు తియ్యాలి. రెండుసార్లు దగ్గితే వెయ్యాలి. మంచం మీద ఆయన, వెనక గుమ్మంలో నేను. గరిటె స్విచ్చి. పది సార్లు చేసి చూశాం. ఒక్కసారి కూడా తప్పలేదు. మనవరాలు వచ్చి, "నాయనమ్మా, మందు తాగు," అని పోయింది. నవ్వుకుని పడుకున్నాం.

మిరపకాయల మధ్యన పుట్టి, మిరపకాయల్లో పనిచేసి బతికిన మనుషులం మేం. ఆ ఘాటు మా ముక్కులకి తెలియదు. మేం దగ్గం. కాబట్టే అసలు సంగతి మా ఇద్దరిలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

మర్నాడు టిక్కీలు వేశారు. టిక్కీలంటే కాయలు తొక్కి కుట్టిన గోతాలు. అందులో సగం తాలు కాయ, తెల్లబడి ఎండిపోయింది. కదిలిస్తే దుమ్ము లేస్తుంది. ఓనరుగారు మిర్చి వ్యాపారే గానీ ఆయన కూర్చునేది ఫ్యాను కింద, తిరిగేది కారులో. లోడు లారీ ఎక్కి ఎన్నాళ్లయిందో. బండి కదలగానే వెనక కిటికీ సందులోంచి గాలి లోపలికి కొట్టింది.

ఓనరుగారు దగ్గాడు. రెండుసార్లు.

మా ఆయన చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. అప్పటికి ఇంకా ఊరు దాటలేదు. నేను గబుక్కున ఒకసారి దగ్గాను. చెయ్యి వెనక్కి వచ్చింది. ఓనరుగారు నా వైపు తిరిగి, "నీక్కూడా ఘాటుగా ఉందా అమ్మా?" అన్నాడు. ఔనండీ అన్నాను.

హైవే ఎక్కాక బండి సమంగా పోతోంది. రెండుసార్లు దగ్గాను. లాకు పడింది. మార్టూరు దగ్గర ఓనరుగారు ఒకసారి దగ్గాడు. మా ఆయన తీసేశాడు. నేను రెండుసార్లు దగ్గి వేయించాను. ఆయన మళ్లీ దగ్గాడు. మళ్లీ తీశాడు. కంటి చివర నుంచి మా ఆయన నన్ను చూడాలని చూస్తున్నాడు. ఎవరు దగ్గిందీ ఆయనకి తెలుస్తుంది, కాదనను. కానీ బుర్ర పట్టుకునే లోపు చెయ్యి కదిలిపోతోంది. ముందురోజు సాయంత్రం కష్టపడి నేర్పింది ఆ చేతికే కదా. నూనె వేడి చూపే ముల్లు పైకి జరగడం వెనక నుంచి నాకు కనపడుతోంది.

చిలకలూరిపేట ఇంకా కాస్త దూరం ఉందనగా ముందు పత్తి ట్రాక్టరు ఒకటి నిదానంగా పోతోంది. మా ఆయన బ్రేకు మీద కాలు ఆనించాడు. వేగం తగ్గుతోంది. సరిగ్గా అప్పుడు ఓనరుగారికి దగ్గు తెర వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు, లెక్కే లేదు. మా ఆయన చెయ్యి స్విచ్చిని పైకి వేసింది.

బండి గుండె పట్టుకున్నట్టు వణికింది. ఇంజిను కొట్టుకోవడం మొదలైంది. ఇంకొక్క క్షణం అయితే ఆగిపోయేది. నేను బల్ల మీద నుంచి రెండు సీట్ల మధ్యకి దూకి, ఓనరుగారి భుజం తోసుకుని, స్విచ్చిని కిందికి కొట్టాను. వణుకు ఆగింది. ఇంజిను గొంతు తేలికపడింది. ట్రాక్టరు మా ముందు నుంచి దాని దారిన అది పోయింది.

"ఏందిది?" అన్నాడు ఓనరుగారు, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ. "పక్కకు తియ్యి."

బండి పక్కకు ఆగింది. మా ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. తాళం చెవి మీదికి ఆయన వేళ్లు పోవడం చూసి నేను మాట్లాడాను.

"అయ్యా, ఆటో సంగతి జరిగిన మర్నాటి నుంచీ ఆ స్విచ్చి నేనే వేస్తన్నా, నేనే తీస్తన్నా. నేను పక్కన ఉన్న రోజు ఒక్కసారి కూడా ఆగలేదు. కావాలంటే యార్డులో ఎవర్నైనా అడగండి. ఇయ్యాల నేను వెనక ఉన్నానని దగ్గి చెప్పుకుందాం అనుకున్నాం."

"దగ్గి?"

"ఒకటైతే తియ్యటం. రెండైతే వెయ్యటం."

ఓనరుగారు నన్ను చూశాడు. మా ఆయన్ని చూశాడు. వెనక ఉన్న మిర్చి లోడుని చూశాడు. "బుద్ధుందంటయ్యా మీకు? మిరపకాయల బండిలో దగ్గా?" అన్నాడు. నవ్వబోయి మళ్లీ దగ్గు ముంచుకొచ్చి కిందికి దిగిపోయాడు. రోడ్డు వార నిలబడి మొహం కడుక్కున్నాడు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి, "ముందు సీట్లోకి రా," అన్నాడు నాతో. తను బల్ల మీదికి ఎక్కాడు.

అక్కడి నుంచి బోర్డులు చదువుకుంటూ, నా చేత్తో నా పని చేసుకుంటూ పోయాను. గుంటూరు దగ్గరపడుతుండగా డివైడరు సందులోంచి ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. లోపల తలపాగాలు చుట్టుకున్న కూలి ఆడవాళ్లు. మా ఆయన కాలు బ్రేకు మీద పడింది, ఎడమ తొడ అదిరింది, నా చెయ్యి దిగింది. ఏది ముందో ఏది వెనకో నాకు తెలియదు. బండి గట్టిగా ఆగింది. ఇంజిను తిరుగుతూనే ఉంది. ఆటోలో ఒకామె మా వైపు చెయ్యి ఊపి తిట్టింది. "కళ్లు నెత్తికెక్కినయ్యా!" అంది. ఆ తిట్టు నాకు చల్లగా తగిలింది.

వెనక నుంచి ఓనరుగారి ఊపిరి వినపడింది.

యార్డులో టిక్కీలు దించేటప్పుడు ఆయన మా ఆయన్ని కాదు, నన్ను పిలిచాడు. "ఇది ఒకళ్లు తోలే బండి కాదన్నమాట. సరే. నువ్వు రాని రోజు బండి కదలకూడదు. మీ ఆయన కాదు, నువ్వు మాటివ్వాలి."

ఇచ్చాను. నిలబెట్టుకున్నాను. నాకు జ్వరం వచ్చిన నాలుగు రోజులు బండి మా ఇంటి ముందే నిలబడింది. మా ఆయన తలుపు తీసుకుని సీట్లో కూర్చుని పేపరు చదివాడు గానీ తాళం తిప్పలేదు.

రెండు మిర్చి కాలాలు అలా తిరిగాం. తర్వాత తుళ్లూరులో పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ బండి మళ్లీ అటే అమ్ముడుపోయింది. అప్పగించడానికి మేమిద్దరమే తీసుకెళ్లాం. తుమ్మచెట్లు కొట్టేసి ఉన్నాయి, ఎక్కడ చూసినా క్రేన్లు. కొత్త డ్రైవరు మా వయసువాడే. లాకు ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు తియ్యాలో మా ఆయన చెబుతుంటే, "రాసే ఉందిగా," అన్నాడతను ప్లాస్టరు చూపించి. అక్షరాలు ఎండకి వెలిసి ఉన్నాయి. మా ఆయన నాకేసి చూసి, "రాసింది చూడవు నువ్వు. నోటితో చెబుతున్నా, విను," అన్నాడు.

ఇప్పుడు ఆయన లారీ తోలడు. తోలమని అడిగేవాళ్లున్నా క్లచ్ లేని బండి ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. అయినా గడ్డం గీసుకుంటూనే ఉన్నాడు. ఊళ్లో కొత్తగా లారీ నేర్చుకునేవాళ్లు వస్తే పంచలో కూర్చోబెట్టి, పోయే బండ్ల గేర్లు చెవితో చెప్పిస్తుంటాడు.

మొన్న కాలు చూపించుకోవడానికి గుంటూరు బస్సులో వెళ్లాం. కిటికీ పక్కన నేను, నా కుడి పక్కన ఆయన. నేను బోర్డులు చదువుతున్నాను. టోల్‌గేటు బోర్డు కనపడింది. బస్సు వేగం తగ్గింది. నా చెయ్యి ఒళ్లోంచి లేచి ముందు సీటు కమ్మీ మీద కిందికి దిగింది. అదే క్షణాన ఆయన చాచుకున్న కాలు అదిరి నా చెప్పుకి తగిలింది.

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. "తీశావా?" అన్నాడు.

"తీశా మావా."

బస్సు ఆగింది.